పేరడిగితే ఏం చెప్తాం?

(నాంపల్లిలో జరిగిన కార్యకర్తల తరగతిలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



"మనిషి నిర్ణయాలు - స్వభావం, ఆలోచన, నమ్మకం" అని ఈ తరగతికి పేరు పెట్టారు. పెద్ద మాటలు. నేను బడిపంతుల్ని, చిన్న లెక్కతోనే మొదలుపెడతా. ఎవరన్నా మనల్ని "మీరేమోళ్ళు?" అని అడుగుతారు. జవాబు చెప్పాలి. నిజం చెప్పాలా, దాచాలా, మాట మార్చాలా? రెండు క్షణాల్లో నిర్ణయం చేస్తాం. ఆ నిర్ణయం మన లోపల ఎవరు చేస్తున్నారు? ఈరోజు అదే మాట్లాడుకుందాం.

మనం కూర్చున్న జాగ పేరే చూడండి. గోల్కొండ సుల్తానుల కాలంలో నేక్‌నామ్ ఖాన్ అనే దివాను ఉండేవాడు. ఆయన పేరు మీద నేక్‌నామ్‌పల్లి, అది పోను పోను నాంపల్లి అయిందంటారు. నేక్‌నామ్ అంటే మంచిపేరు. పక్కన ఆబిడ్స్. ఆరవ నిజాం దగ్గర కొలువు చేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అక్కడ దుకాణం పెట్టాడు. ఆ దుకాణం పేరే బజారు పేరైంది. దివాను పేరు మీద ఒక పేట, దుకాణందారు పేరు మీద ఒక బజారు. మరి ఈ రోడ్లకు రాళ్ళు కొట్టినవాళ్ళకు, మోరీలు ఎత్తినవాళ్ళకు ఏం మిగిలింది? వాళ్ళకూ పేర్లు పెట్టారు. అవి పేర్లు కావు, తిట్లు.

మీరంతా నాంపల్లి స్టేషన్లో దిగి వచ్చారు. రేపు ఆదివారం, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసి పోండి. అక్కడ మీ కులం ఎవరూ అడగరు, పైసలడుగుతారు. పట్నంలో కులం లేదనేవాళ్ళు ఈ ఫుట్‌పాత్ చూసే చెప్తారు. పక్క గల్లీలోకి పోయి ఒక గది కిరాయికి అడిగి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. 2003 ప్రాంతంలో మా వాడ పిల్లవాడు ఒకడు, నేను కలిసి ఇక్కడే ఒక గల్లీలో గది వెతికాం. వాడు నాకన్నా ధైర్యస్తుడు. ఈతబావిలో ముందు దూకేది వాడే. ఇంటాయన "మీరేమోళ్ళు?" అన్నాడు. నేను ఉన్నమాట చెప్పాను. తీసిన తాళంచెవి జేబులోకి పోయింది. "మా చుట్టాలొస్తున్నారు, గది ఖాళీ లేదు" అన్నాడు.

వారం తర్వాత మావాడు ఒక్కడే ఇంకో ఇంటికి పోయి వేరే కులం పేరు చెప్పాడు. గది దొరికింది. రెండేళ్ళున్నాడు. ఊరి నుంచి తల్లి వస్తే గదికి తీసుకపోలేదు, మాటలో దొరికిపోతామని. స్టేషన్ బయట చాయ్ తాగించి సాయంత్రం బండి ఎక్కించాడు. అంబేద్కర్ ఫోటో ట్రంకుపెట్టె అడుగున ఉండేది.

నేను ధైర్యవంతుణ్ణి, వాడు పిరికివాడు అని తీర్పు చెప్పేద్దామా? అది అన్యాయం. నాకు మేనమామ ఇల్లుంది, ఇరుకైనా ఒక మూల పడుకోవచ్చు. వాడికి స్టేషన్ బెంచీ తప్ప దిక్కు లేదు. బావిలో దూకిన ధైర్యం గల్లీలో పనిచేయలేదంటే, స్వభావం ఒక్కటే నిర్ణయం చెయ్యదని అర్థం. స్వభావం కింద నమ్మకం ఉంది, నమ్మకం కింద కడుపు ఉంది.

ఇంటాయన సంగతి కూడా చూడండి. ఆయనా ఒక నిర్ణయం చేశాడు. కిరాయి ఇస్తామా లేదా అడగలేదు. తాగుతామా, లొల్లి చేస్తామా అడగలేదు. ఒక్క మాట విని తాళంచెవి దాచాడు. ఆయన ఆలోచించనే లేదు. తాతలనాటి నమ్మకం ఆయన బదులు ఆలోచించింది. 1950 జనవరి 26 నుంచి రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని నేరమంటోంది. నేరం చేసిన ఆయనకు సిగ్గు లేదు. పడ్డవాడికి సిగ్గు! ఈ సిగ్గు మనతో పుట్టింది కాదు, మనలో నాటింది. మన నిర్ణయాలు చెడగొడుతున్నది ఇదే.

నాటినదాన్ని పీకెయ్యొచ్చని ఈ హైదరాబాదులోనే ఒక మనిషి చూపించాడు. 1888లో పుట్టిన మాదరి భాగయ్య, మన భాగ్యరెడ్డి వర్మ. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో, భజనలతో వాడవాడా తిరిగాడు. 1911లో దాన్ని మన్యసంఘం చేశాడు. తాగుడు మానమన్నాడు, దేవుడి పేరు మీద ఆడపిల్లల్ని జోగినులుగా వదిలే ఆచారాన్ని ఎదిరించాడు. మన పిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడులు తెరిచాడు.

1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ. ఆయన ముందు సభ పేరునే పట్టుకున్నాడు. పంచములమని మనకెవరు పేరు పెట్టారు? మనం ఎవరి తర్వాతో లెక్కించే ఐదోవాళ్ళం కాదు, ఈ నేల మీద మొదటివాళ్ళం అన్నాడు. పంచమ సభగా మొదలైంది ఆది ఆంధ్ర సభగా మారింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం కూడా మనవాళ్ళను ఆది హిందువులుగా రాసుకోవాల్సి వచ్చింది.

ఒక్క మాట గమనించండి. 1906లో భజన మొదలైతే 1917లో పేరు మారింది. నడుమ పదకొండేళ్ళ పని ఉంది. బడి, సంఘం, మీటింగు. వెనక నలుగురున్నారనే నమ్మకం వచ్చాకే మనిషి నోరు తెరిచి "నేను ఫలానా" అంటాడు. నా మేనమామ ఇల్లు నాకు చేసిన పని, సంఘం వాడ మొత్తానికి చెయ్యాలి.

తర్వాత 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైంది. తిట్టుగా వాడిన మాదిగ మాటను పిల్లలు పేరు చివర బిరుదులాగ పెట్టుకున్నారు. 1917లో కొత్త పేరు పెట్టుకున్నాం, 1994లో పాత పేరే పైకెత్తుకున్నాం. రెండూ ఎదురుబొదురు కాదు. మన పేరు మనమే నిర్ణయించుకుంటాం అన్నది రెండింట్లోనూ ఉంది. మాల పేరైనా, మాదిగ పేరైనా, ఉపకులాల పేర్లయినా అంతే.

ఇప్పుడీ మాటలెందుకు? 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి కులసర్వే జరిగింది. మా పంతుళ్ళను కూడా ఆ పనిలో పెట్టారు. నేనూ ఫారాలు పట్టుకుని తిరిగాను. అపార్టుమెంట్లో ఒకాయన తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గించి కులం చెప్పాడు, పక్కింటికి వినపడకుండా. మంచి ఉద్యోగస్తుడు. ఇక వాడలో ఒక ముసలమ్మ అరుగు మీద కూసోని ఊరంతా వినేటట్టు చెప్పింది. చదువు ఒక్కటే సిగ్గును కడగదు అని ఆరోజు అర్థమైంది.

2027 జనగణనలో కులాలన్నీ లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. 1931 తర్వాత జనగణనలో అన్ని కులాల లెక్క ఇదే. మళ్ళీ మన గడపలో అదే ప్రశ్న అడుగుతారు. చర్చికి పోయే మన అన్నదమ్ములకు ఇంకా కష్టం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకు, 1956 సవరణతో సిక్కులకు, 1990 సవరణతో బౌద్ధులకు మాత్రమే ఎస్సీ హోదా. అందుకే ఒకే మనిషికి గుడారంలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు. వాళ్ళను రెండు నాల్కలవాళ్ళని ఎగతాళి చెయ్యకండి. కూడు ఒక దిక్కు, విశ్వాసం ఒక దిక్కు లాగేటట్టు చేసింది చట్టం. మార్చాల్సింది దాన్ని.

కాబట్టి కార్యకర్తలు చెయ్యాల్సిన పని చెప్తా. లెక్కలవాళ్ళు వచ్చే ముందే వాడలో కూసోని మాట్లాడండి. ఏం అడుగుతారో, ఎందుకడుగుతారో చెప్పండి. ఆడవాళ్ళను కూసోబెట్టండి, గడపలో జవాబు చెప్పేది చాలాసార్లు వాళ్ళే. రాసింది చదివి వినిపించమని అడగటం నేర్పండి. పట్నంలో కిరాయి గదుల్లో ఉన్న మన పిల్లల దగ్గరికి పోండి. దాచినందుకు తిట్టకండి. గది పోతే ఎక్కడ పడుకోవాలో ముందు చూపించండి, అప్పుడు నిజం చెప్పమనండి.

ధైర్యంగా ఉండు అని చెప్పటం తేలిక. ధైర్యంగా ఉండగలిగే జాగ తయారుచెయ్యటమే సంఘం పని. ఆ పని చేద్దాం.

జై భీం!