పదిమందికి పెద్ద

ధ్యాన భాగము: నిర్గమకాండము 18:13-26



నాయకుడు అనగానే మనకు సర్పంచ్ గారో, ఎమ్మెల్యే గారో, పాస్టరు గారో గుర్తుకొస్తారు. "కూలి చేసుకునేదాన్ని, నాకేం నాయకత్వం అయ్యగారూ?" అంటారు మీలో కొందరు. మోషే ఉదయం నుండి సాయంకాలం వరకు ఒక్కడే కూర్చొని జనుల తగవులు తీరుస్తున్నాడు. మామ యిత్రో అది చూసి, ఇలాగైతే నీవూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారన్నాడు. వేయిమందికి, నూరుమందికి, యాభైమందికి, చివరకు పదిమందికి కూడా ఒక పెద్ద ఉండాలన్నాడు. పదిమంది అంటే ఎంత? ఒక ఇల్లు, ఇరుగుపొరుగు, పత్తి ఏరే ఒక జట్టు. మనం ఉన్నది అక్కడే గదా!

ఆ పెద్దకు ఏమి ఉండాలి? 21వ వచనం చూడండి. పని చేయగల శక్తి, దేవుని భయం, నిజాయితీ, లంచమంటే అసహ్యం. చదువు, ఆస్తి, కులం ఆ లెక్కలో లేవు.

మన డోర్నకల్ సంగతే తీసుకోండి. తమిళ దేశంలో పుట్టిన వి.యస్. అజరయ్య గారు 1909లో అక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకొని, పల్లెల్లో సేవ చేశారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయ్యారు. ఆయన బాప్తిస్మమిచ్చినవారిలో చాలామంది అక్షరం రాని పేద కూలీలు. వారు తమ చేతిని తమ తలమీదే పెట్టుకొని, సువార్త చెప్పే బాధ్యత నాదేనని ఒప్పుకొనేవారు. గమనించారా? భారం బిషప్పు గారి తలమీద కాదు, ఎవరి తలమీద వారిదే!

ఇప్పుడు పెద్దవంగర వైపు ఒక పల్లెలో మీరు పొదుపు సంఘం లీడరు అనుకోండి. ఒక సహోదరి కిస్తీ కట్టలేకపోయింది. మీటింగులో అందరిముందు ఆమె పరువు తీస్తారా? ముందుగా ఆమె ఇంటికి వెళ్లి, "ఏమైందక్కా?" అని అడుగుతారా? అందరి డబ్బు మీ చేతిలో ఉంది. ఇంట్లో జ్వరం వచ్చిందని అందులో రెండు వందలు వాడుకున్నారు. పుస్తకంలో రాశారా? ఎవరూ అడగకముందే చెప్పగలరా? చెప్తే సిగ్గు. చెప్పకపోతే పదిమంది నమ్మకం పోతుంది; ఆదివారం మీరు చేసే ప్రార్థన కూడా వారికి చేదవుతుంది.

ప్రియులారా, మన ప్రభువు గొప్పవాడు కాగోరేవాడు సేవకుడు కావాలని చెప్పి ఊరకుండలేదు. తువాలు నడుముకు కట్టుకొని శిష్యుల పాదాలు కడిగాడు. తనను అప్పగించబోయేవాడు కూడా ఆ రాత్రి అక్కడే కూర్చున్నాడు.

ఈ రాత్రి పడుకోబోయే ముందు మీ చేతిని మీ తలమీద పెట్టుకోండి. దేవుడు మీకప్పగించిన పదిమంది పేర్లు తలచుకోండి. సరిచేయవలసిన లెక్క ఉంటే రేపే సరిచేయండి.

ప్రార్థన చేసుకుందాం. తండ్రీ, నీవు మాకిచ్చిన కొద్దిమందియెడల మమ్మును నమ్మకముగా నడిపించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.