కారు స్టీరియో కాలిపోతే

రియాద్, దమ్మాంలో బండి నడిపే మన కరీంనగర్, కడప అన్నదమ్ములకు తెలిసిందే, అక్కడి వేసవి 45 డిగ్రీలు దాటుతుంది. స్టీరియోలోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కు 10 డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. పైన ఉబ్బిందంటే మార్చాల్సిందే.

బ్యాటరీ తీగలు తారుమారుగా తగిలిస్తే మాత్రం సాధారణంగా పోయేది కరెంటు వచ్చే చోట ఉన్న డయోడ్. బోర్డును కాపాడటానికే దాన్ని పెడతారు. బండి మీ యజమాని కఫీల్‌దైతే ముందు ఆయన్ను అడగండి. బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేసి, స్టీరియో విప్పి, డయోడ్ ఒక కాలు లేపి మీటరు పెట్టండి. రెండు వైపులా బీప్ అంటే షార్టయినట్టే. దాని ఒంటి మీది గీత ఎటుందో ఫోటో తీసుకుని, కొత్తది అలాగే టంకం వేయండి. 10 ఆంపియర్ల ఫ్యూజు పోతే 10దే వేయాలి. రాగితీగ చుడితే బండే అంటుకోవచ్చు. యాంప్లిఫయర్ ఐసీ పగిలితే చేయి తిరిగిన మెకానిక్‌కే ఇవ్వండి.