ప్లాను మారితే సంతకం ఎవరిది?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము కలిపి ఒక ఫ్లాటు కొనుక్కున్నవాళ్ళమే. కొనేటప్పుడు ధర అడుగుతాం, తూర్పు వాకిలి ఉందా అని చూస్తాం, నీళ్ళ సంగతి విచారిస్తాం. మంజూరైన ప్లాను చూపించమని మాత్రం అడగం. ఆ ప్లాను మధ్యలో మారిపోతే ఏం చేయాలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. సెక్షన్లు వల్లించేకంటే ముందు, మనవంటి పెద్దవాళ్ళే నడిపిన ఒక కేసు చెబుతాను. అది ఢిల్లీ పక్కన నోయిడాలో జరిగినదైనా, అందులోని చిక్కు మన ఇళ్ళలోనూ ఉన్నదే.

నోయిడా 93-ఏ సెక్టారులో ఎమరాల్డ్ కోర్ట్ అనే అపార్ట్‌మెంట్ల సముదాయం ఉంది. 2005లో అక్కడి అథారిటీ, అంటే ప్లాన్లు మంజూరు చేసే విషయంలో మన మునిసిపాలిటీ వంటిదే, 14 టవర్లకు అనుమతి ఇచ్చింది. ఒక్కొక్కటి గ్రౌండు మీద 9 అంతస్తులు. 2006లో ప్లాను మారింది. 2009లో మళ్ళీ మారింది. ఈసారి ఒకటో టవరు పక్కన తోటగా చూపిన చోటుకు 24 అంతస్తుల టవర్లు రెండు వచ్చి చేరాయి. 2012 మార్చిలో ఆ రెంటినీ 40 అంతస్తుల దాకా పెంచుకోవచ్చునన్నారు. 2009లో గాని, 2012లో గాని ఫ్లాట్ల యజమానుల సమ్మతి తీసుకోలేదు.

పాత టవరుకూ కొత్త టవరుకూ మధ్య కనీసం 16 మీటర్లు ఉండాలని నిబంధన. ఉన్నది 9 మీటర్లు. గాలీ వెలుతురూ మాట అలా ఉంచండి, నిప్పు అంటుకుంటే ఫైరింజను తిరిగే చోటు ఏదీ? రెండూ ఒకే కట్టడంలో భాగాలు గనుక దూరం లెక్క వర్తించదని బిల్డరు వాదించాడు. ఆ వాదన నిలవలేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది మరొకటి. నివాసుల సంఘం ప్లాను నకలు ఇమ్మని అథారిటీని అడిగితే, వాళ్ళు బిల్డరును అడిగారు. అతను ఇవ్వొద్దన్నాడు, వీళ్ళు ఇవ్వలేదు. ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళతో బతికిన మనకు ఆ నోటు ఎలా రాసి ఉంటారో ఊహించుకోవడం కష్టం కాదు.

పోరాటం నడిపినవారిలో ముఖ్యులు ఉద్యోగాల నుంచి రిటైరైన పెద్దలు. చందాలు వేసుకుని 2012 డిసెంబరులో అలహాబాదు హైకోర్టుకు వెళ్ళారు. 2014 ఏప్రిల్ 11న ఆ రెండు టవర్లూ కూల్చమని తీర్పు వచ్చింది. బిల్డరు సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసి, అథారిటీ అధికారులు బిల్డరుతో కుమ్మక్కయ్యారని స్పష్టంగా రాసింది. కొత్త టవర్లలో కొన్నవారికి 12 శాతం వడ్డీతో డబ్బు వాపసు ఇమ్మంది. 2022 ఆగస్టు 28న సుమారు 3,700 కిలోల పేలుడు పదార్థంతో వాటిని కూల్చారు. కొన్ని సెకన్ల పని. కానీ దానికి ముందు దాదాపు పదేళ్ళు కోర్టు మెట్లెక్కాలి. డెబ్భై ఏళ్ళవాడికి పదేళ్ళంటే ఏమిటో ఈ హాలులో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

సమ్మతి ఎందుకు కావాలని కొందరు అడుగుతారు. మీ రిజిస్ట్రేషన్ దస్తావేజు తీసి చూడండి. ఫ్లాటుతోపాటు స్థలంలో ఇన్ని గజాల అవిభాజ్య వాటా అని ఉంటుంది. అదే స్థలం మీద మరో యాభై ఫ్లాట్లు లేస్తే అందరికీ కలిసి ఉన్నదాంట్లో వాటాదారులు పెరుగుతారు. ఖాళీ జాగా, మెట్లు, లిఫ్టు, నీళ్ళు అన్నింటికీ అదే లెక్క.

2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, అదే రెరా, 14వ సెక్షనులో ఈ మాటే ఉంది. మంజూరైన ప్లానులో చిన్నాచితకా మార్పులకు మినహాయింపు ఉంది. భవనాల ప్లానూ, ఉమ్మడి స్థలాలూ మార్చాలంటే మాత్రం బిల్డరు కాక మిగిలిన కొనుగోలుదారుల్లో మూడింట రెండు వంతుల మంది ముందుగా లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒకే కుటుంబం పేర నాలుగు ఫ్లాట్లున్నా లెక్కకు ఒక్కటే.

అందుకే సంతకానికి అంత విలువ. "ఫార్మాలిటీ అంకుల్, ఇక్కడ పెట్టండి" అని ఒక కుర్రాడు కాగితం తెస్తాడు. పాపం, ఎండలో వచ్చాడని మజ్జిగ ఇచ్చి మరీ పెడతాం! మజ్జిగ ఇవ్వండి, సంతకం ఆపండి. పాత ప్లాను, కొత్త ప్లాను పక్కపక్కన పెట్టి చూపించమనండి. అగ్రిమెంటులోనే "భవిష్యత్తులో చేసే మార్పులకు సమ్మతిస్తున్నాను" అన్న వాక్యం ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే డబ్బు కట్టకముందే కొట్టివేయించండి. మార్పు ప్రతిపాదన మునిసిపాలిటీలో ఉందని తెలిస్తే, అనుమతి వచ్చేదాకా ఆగకుండా అందరూ కలిసి అభ్యంతరం రాసి ఇచ్చి, ముద్ర వేసిన రసీదు దాచుకోండి.

నలుగురైదుగురు మిత్రులు తమ ప్లాను కాగితాలు తెచ్చామన్నారు. టీ అయ్యాక వెనుక గదిలో కూర్చుని చూద్దాం. భూతద్దం తెచ్చాను.