కూర్చున్న చోటనే కైంకర్యము



ప్రవచనము ముగిసిన తరువాత శ్రోతలు మాకు చీటీలు వ్రాసి పంపుట ఆనవాయితీ. కొందరు ముహూర్తములను గూర్చి అడుగుదురు, కొందరు స్తోత్రముల అర్థములు అడుగుదురు. కొంతకాలముగా ఒకే తీరు చీటీలు మరల మరల వచ్చుచున్నవి. వాటిని వ్రాసినవారు సభకు వచ్చినవారు కారు. కొడుకు చేతనో, కోడలి చేతనో, మనుమరాలి చేతనో పంపినవారు. మోకాళ్ళు వంగుట లేదు, మెట్లు దిగలేకున్నాము, గుడికి రాలేము, పొద్దు గడచుట లేదు, ఏమి చేయమందురు? ఇదియే వాటి సారాంశము. నేటి ప్రసంగమును ఆ చీటీలకు సమాధానముగా వినిపింపదలచితిమి. వినుచున్నవారు ఇంటికి వెళ్ళి వారికి వినిపింపవలెను.

మన అబిడ్స్, నాంపల్లి ప్రాంతమును ఎరిగినవారికి ఈ కష్టమును విడమరచి చెప్పనక్కరలేదు. క్రింద దుకాణము, పైన సంసారము. పాతకాలపు మేడలలో లిఫ్టు ఉండదు. మెట్లు ఇరుకు, పైగా నిటారు. మూడవ అంతస్తులోని పెద్దమ్మకు వీధిలోని గుడిగంట వినబడును గాని గోపురము కనబడదు. 1976లో నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిరము తెరచిన క్రొత్తలో ఆ మెట్లను చకచక ఎక్కి స్వామిని సేవించుకొన్నవారే నేడు మంచము మీద కూర్చుండి, ఆ తెల్లని శిఖరము ఏ దిక్కున ఉన్నదో మనుమలకు చేతితో చూపుచున్నారు. దూరము చూచిన అరకోసైనను ఉండదు. వారికి కాశీ ఎంతో అదియు అంతే.

ఇంటిలోనివారు చెడ్డవారని మేము అనుట లేదు. వేళకు అన్నము పెట్టుదురు, మందులు ఇచ్చుదురు. అయితే ఒక మాట అందురు. "నీకెందుకమ్మా ఈ పనులన్నీ, కృష్ణా రామా అనుకుంటూ ఒక మూల కూర్చో." ఈ మాటలో ప్రేమ ఉన్నది, కాదనము. కాని "ఒక మూల" అనునదియు అందులోనే ఉన్నది. కృష్ణా రామా అనుట మహర్షులు కోరుకొనిన పని. దానిని పనికిరానివారికి అప్పగించు పనిగా మనము చేసితిమి. చీటీలలోని దుఃఖమంతయు అక్కడనుండియే పుట్టినది.

ఈ సందర్భమున భీష్మపితామహుని స్మరింపక తప్పదు. పదవనాటి యుద్ధములో నేలకొరగిన ఆ మహానుభావుడు 58 రాత్రులు అంపశయ్యపై ఉండెను. లేవలేడు, ఒరుగలేడు. తల నిలుపుటకు అర్జునుడు బాణములతో దిండు అమర్పవలసివచ్చెను, దప్పికకు నీరు కూడ అతడే అందింపవలసివచ్చెను. అటువంటి స్థితిలో ఆయన నోట వెలువడినదే శాంతి, ఆనుశాసనిక పర్వముల ధర్మమంతయు. మనము నిత్యము చదువుకొను విష్ణుసహస్రనామము అక్కడిదే. ఈ కథ మీకు తెలియనిది కాదు. అందులో రెండు సంగతులు మాత్రము తరచుగా మన చెవి దాటిపోవును. మొదటిది, భీష్ముడు తనంతట తాను ఉపన్యాసమునకు ఉపక్రమింపలేదు. శ్రీకృష్ణుడు ధర్మరాజును వెంటబెట్టుకొని ఆయన వద్దకు వెళ్ళెను. ధర్మరాజు చేతులు జోడించి ఒక్కొక్క ప్రశ్నయే అడిగెను. హస్తినాపురములో పండితులు లేక కాదు. రెండవది, ఆయనను పలికించుటకు ముందే శ్రీకృష్ణుడు ఆయన శరీరబాధను, బుద్ధికి కలిగిన అలసటను తొలగించెను. నొప్పి పోయిన తరువాతనే ఉపదేశము. కనుక మోకాలి నొప్పితో మూలుగుచున్నవారి చేతిలో జపమాల ఉంచుటకు ముందు వారిని వైద్యునకు చూపవలెను. ముసలితనములో ఇది మామూలే అని వదలివేయుట భక్తి కాదు, బద్ధకము.

ఇక చీటీలలో కనబడు ఒక సందేహము. "కుర్చీలో కూర్చుండి పూజ చేయవచ్చునా? దోషము కాదా?" నిస్సందేహముగా చేయవచ్చును. బ్రహ్మసూత్రములలో నాలుగవ అధ్యాయము మొదటి పాదమున ఈ విచారణ ఉన్నది. ఉపాసన కూర్చుండి చేయవలెననియు, మనస్సు ఎక్కడ ఏకాగ్రమగునో అదియే తగిన స్థలమనియు, దేశకాలములకు వేరే నియమము లేదనియు అక్కడ తేల్చిరి. నేల మీద పద్మాసనము వేసి మోకాలి పోటుతో పళ్ళు బిగించుకొనువాని మనస్సు స్వామిపై ఉండునా, మోకాలిపై ఉండునా? వెనుక ఆనుకొనుటకు వీలున్న, చేతులున్న, కదలని కుర్చీ వేసికొని, పాదములు నేలకు ఆనునట్లు కూర్చుండి, ఎదుట ఎత్తైన పీట మీద స్వామిని ఉంచుకొనిన చాలును.

ఏమి చేయవలెనను ప్రశ్నకు వత్తితో ప్రారంభింతము. ప్రత్తిలోని గింజ తీసి, దూది విడదీసి, వ్రేళ్ళ మధ్య నలిపి వత్తి చేయుటకు కాళ్ళతో పనిలేదు. చూపు మందగించినవారు కూడ స్పర్శతోనే చేయగలరు. పువ్వొత్తులు, అడ్డవత్తులు, కార్తీకపౌర్ణమి నాడు వెలిగించు 365 వత్తుల కట్ట, లక్షవత్తుల నోము పట్టినవారికి కావలసిన లక్ష, ఇన్నింటికి నేడు బజారు వత్తులనే కొనుచున్నాము. మనకు వత్తులు కావలెను, వారికి పని కావలెను. ఈ రెంటిని కలుపువారే లేరు. లెక్క పెట్టి కట్టలు కట్టుటలో మతికి కూడ వ్యాయామమున్నది.

పూలమాల మరియొకటి. శ్రీకృష్ణదేవరాయలవారు ఆముక్తమాల్యదలో వర్ణించిన విష్ణుచిత్తుడు వాదములు నేర్చినవాడు కాడు; శ్రీవిల్లిపుత్తూరులో స్వామికి మాలలు కట్టుకొనువాడు. ఆ మాలలే ఆయనను ఆళ్వారులలో నిలిపినవి, గోదాదేవికి తండ్రిని చేసినవి. విడిపూలు, తడిపిన అరటినార లేదా దారము, ఒడిలో ఒక పళ్ళెము ఉన్న చాలును. వ్రేళ్ళు బిగిసినవారు మొగ్గలను ఏరి, తులసి దళములను వేరు చేసి ఇచ్చినను సేవయే. మాలలో వారి పాలు ఎంత అని స్వామి కొలవడు.

రామకోటి సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను. లెక్క వేయకుండ మొదలు పెట్టి నడుమ దిగులు పడువారిని మేము చాలమందిని చూచితిమి. దినమునకు 108 నామములు వ్రాసినచో కోటి పూర్తియగుటకు 253 ఏండ్లు పట్టును. దినమునకు వేయి వ్రాసినను 27 ఏండ్లు దాటును. ఎనుబది ఏండ్ల తాతగారి చేతిలో ఈ పుస్తకము పెట్టి కోటి వ్రాయమనుట ఏమి న్యాయము? అదే నూరుమంది కలిసి, ఒక్కొక్కరు ఒక్కొక్క లక్ష వంతున పంచుకొని, దినమునకు మూడు వందలు వ్రాసినచో పదకొండు నెలలలో కోటి పూర్తియగును. భద్రాద్రి రాముని పాదములకు చేర్పవచ్చును. రామకోటి పేట మన ప్రక్కనే ఉన్నది, నూరుమంది దొరకరా? చేయి వణకువారు లావుపాటి కలము పట్టుకొని, వెడల్పు గీతల కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాయవలెను. పంక్తి వంకరపోయిన పోనిండు. అసలు వ్రాయలేనివారు బొటనవ్రేలితో వ్రేళ్ళ కణుపులను తాకుచు కరమాలతో జపము చేసికొనవచ్చును. బిగిసిన వ్రేళ్ళకు అది మంచి కదలిక.

భద్రాచల కల్యాణమునకై గోదావరి మండలమున కోరుకొండ ప్రాంతపు భక్తులు చేయు సేవను కొందరైనను విని ఉందురు. వారు వడ్లను రోకటితో దంపరు, మరలో ఆడింపరు. ఒక్కొక్క గింజను గోటితో ఒలిచి బియ్యము తీసి శ్రీరామనవమి తలంబ్రాలకు సమర్పింతురు. గోటి తలంబ్రాలని దానికి పేరు. పిడికెడు వడ్లు చాటలో పోసికొని నామము చెప్పుచు ఒలుచుట కూర్చున్నవారికి తగిన సేవ. అయితే మధుమేహము కలవారిని దీనికి పురికొల్పము. గోరు చిట్లి పుండైనచో వారికి త్వరగా మానదు. వారు ఒలిచిన బియ్యములో నూకను ఏరి వేయవచ్చును.

ఇవన్నియు చేతుల పనులు. చెవికి, నోటికి కూడ పని కావలెను. నవవిధభక్తులలో శ్రవణ కీర్తన స్మరణములే మొదట వచ్చుట చూడుడు; ఆ మూడింటిలో కాళ్ళకు ప్రమేయము లేదు. ఉదయము ఆకాశవాణి భక్తిరంజని విని లేచు అలవాటు మన పెద్దలలో ఎందరికో ఉన్నది. చదువగలిగినవారికి పెద్దక్షరముల భాగవతము తెచ్చి పెట్టవలెను. ఆదివారము నాడు అబిడ్స్ కాలిబాటల మీద పరచు పాత పుస్తకములలో ఒకప్పుడు తాతగారు గంటల తరబడి నిలబడి వెదకిన పుస్తకమును ఇప్పుడు మనుమడు వెదకి తేవచ్చును. సుల్తాన్ బజారులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మనకు దగ్గరనే ఉన్నది. ఫోనులో నలుగురైదుగురు ఒక వేళకు కలిసికొని సహస్రనామము పఠించుట 2020లో కరోనా వలన ఆలయములు మూసినప్పుడు చాలమంది అభ్యసించిరి. తలుపులు తెరచిన తరువాత కాళ్ళున్నవారు గుడికి వచ్చిరి, ఫోను పారాయణము మాత్రము ఆగిపోయెను. రాలేనివారి కొరకైనను దానిని నిలుపవలసినది. కంఠస్థముగా వచ్చిన పెద్దమ్మయే దానికి ముందు నడువవలెను గాని కోడలు కాదు.

ధర్మరాజు వలె వెళ్ళి అడుగుట అంటిమి. మన ఇండ్లలో అడుగవలసినవి ఎన్ని లేవు! మీ నానమ్మగారికి వచ్చిన మంగళహారతులు, లాలిపాటలు, అట్లతద్ది పాటలు ఏ పుస్తకములోనైన ఉన్నవేమో చూడుడు. చాలవరకు ఉండవు. తల్లి నుండి కూతురికి నోటిమీదుగా వచ్చిన ఆ పాట ఆమెతోనే పోవును. శుక్రవారమునకు ఒక పాట వంతున పిల్లలచేత ఫోనులో పట్టించండి. నడుమ చరణము మరచిపోయినచో తొందరపెట్టవద్దు. రెండు దినముల తరువాత, అన్నము తినుచుండగా అది హఠాత్తుగా జ్ఞాపకము వచ్చును. ఆ దినము ఆమె ముఖము చూడవలెను!

శరీరమును గూర్చి ఒక మాట. గంటల తరబడి కదలక కూర్చున్నచో పాదములు వాచును, కండలు కరగును. భజనలో చప్పట్లు ఊరక పెట్టినవి కావు. చేతులు తల ఎత్తువరకు లేపి తాళము వేయుడు. పాటకు తగినట్లు మడమలు, మునివ్రేళ్ళు ఒకటి తరువాత ఒకటి ఎత్తి దింపుడు. లేవగలిగినవారు గంటకొకసారి గట్టి ఆధారము పట్టుకొని లేచి నిలువవలెను. అరువది ఐదేండ్లు దాటినవారు పడిపోకుండ ఉండుటకు నిలుకడనిచ్చు అభ్యాసములు వారమునకు మూడు దినములైన చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. శక్తి చాలనివారు చేయగలిగినంత చేయుడనియు చెప్పినది. వైద్యుని అడిగి, ప్రక్కన మనిషిని ఉంచుకొని చేయుడు.

క్రిందికి దింపగలిగిన నాడు చక్రాల కుర్చీలో పబ్లిక్ గార్డెన్సు చెట్ల నీడకు తీసికొనిపొండు. యాత్రకు వెళ్ళగలిగినవారికి మరియొక సౌకర్యము: నాంపల్లి స్టేషను రైళ్ళు ఆగిపోవు చివరి స్టేషను. వంతెన ఎక్కి దిగు బాధ లేకుండ తలవైపు నుండియే ప్లాటుఫారముల మీదికి పోవచ్చును.

ఒక హెచ్చరిక చేయక తప్పదు. పని కల్పింపవలెనని ఉత్తుత్తి పని కల్పింపకుడు. ఆమె చేసిన వత్తులను అటకమీద పారవేసి మరునాడు మరల దూది ఇచ్చినచో ఆమెకు తెలియకపోదు. చూపు తగ్గినదే గాని లోకజ్ఞానము తగ్గలేదు. తన వత్తి వెలిగినదని తెలిసినప్పుడే అది కైంకర్యము. తెలియనప్పుడు అది కాలక్షేపము, దానికంటె నిద్రయే మేలు.

కనుక ధర్మకర్తలను, యువకులను మేము కోరునది ఒక్కటే. రానున్న కార్తీకమునకు మూడు నెలల ముందే గడప దాటలేనివారి పట్టిక వేయుడు. వీధికి ఇద్దరు పిల్లలు ఏర్పడి, ఆ ఇండ్లకు దూది తీసికొనిపోయి, పదిదినములకొకసారి వత్తులు తెండు. కట్టమీద గోత్రనామములు వ్రాయించి, దీపము వెలిగించు నాడు అర్చనలో వాటిని పైకి చదివించి, ప్రసాదముతో పాటు వెలుగుచున్న ఆ దీపముల పటమును ఫోనులో చూపించి రావలెను. మూడంతస్తులు ఎక్కగల పిల్లలు ఈ సభలోనే చాలమంది కనబడుచున్నారు. పేర్లు ఇచ్చువారు ప్రసాదము తీసికొనునప్పుడు మా వద్దకు రావచ్చును.