మంచు కొండలకు లింకు బండి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి ఫోను చేసి, "విదేశీ ప్రయాణాల గురించి నలుగురికీ పనికొచ్చేది పది నిమిషాలు మాట్లాడు" అన్నారు. ఎండకు తారు కరిగే మన ఊళ్లో మంచు మీద స్కీయింగ్ గురించి మాట్లాడితే నవ్వుతారేమో అనుకున్నాను. కానీ చేతులెత్తమంటే ఈ హాల్లో సగం మంది పిల్లలు బయటి దేశాల్లోనే ఉంటారు. ఏదో ఒక చలికాలం "నాన్నా, అమ్మను తీసుకుని రండి, మంచులో నాలుగు రోజులు గడుపుదాం" అని మీకూ ఫోను వస్తుంది. అప్పుడు నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని ఈ నాలుగు మాటలు.

మా అమ్మాయి జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తోంది. మూడేళ్ల క్రితం జనవరిలో ఐదు రోజులు సెలవు పెట్టి, మా ఇద్దరినీ ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌కు రమ్మంది. టికెట్లు నేనే కొంటానని పట్టుబట్టాను. హైదరాబాదు నుంచి గల్ఫ్ మీదుగా వియన్నాకు ఒక టికెట్టు, వియన్నా నుంచి ఇన్స్‌బ్రుక్‌కు వేరే కంపెనీలో మరో టికెట్టు. అలా విడివిడిగా కొంటే ఇద్దరికీ కలిపి పద్దెనిమిది వేలు తగ్గింది. మా ఆవిడ ముందు గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఆ తెల్లవారుజామున శంషాబాదులో పొగమంచు కమ్మింది. విమానం రెండు గంటలు లేటు. గల్ఫ్‌లో మారాల్సిన విమానం వెళ్లిపోయింది. వియన్నా దాకా ఒకే టికెట్టు కాబట్టి తర్వాతి విమానంలో వాళ్లే ఎక్కించారు. వియన్నాలో దిగేసరికి రాత్రయింది. ఇన్స్‌బ్రుక్ విమానం ఎప్పుడో ఎగిరిపోయింది. అది వేరే టికెట్టు. ఆ కంపెనీ లెక్కలో మేము వేళకు రాని ప్రయాణికులం, అంతే. డబ్బు పోయింది. మర్నాడు కొత్త టికెట్లు కొన్నాం. ఇన్స్‌బ్రుక్ విమానాశ్రయం కొండల నడుమ ఇరుకు లోయలో ఉంటుంది. దక్షిణపు కొండల మీదుగా ఫ్యోన్ అనే వెచ్చని గాలి ఉధృతంగా వీస్తే అక్కడ విమానం దించడం కష్టం. మా విమానాన్ని మ్యూనిక్‌కు మళ్లించారు. అక్కడి నుంచి బస్సు.

రెండో రోజు చీకటి పడ్డాక హోటలుకు చేరాం. అమ్మాయి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఒక్క మాట అనలేదు. మా కోసం దాచుకున్న ఐదు రోజుల్లో రెండు రోజులు ఒంటరిగా కిటికీ దగ్గరే కూర్చుంది. తిడితే బాగుండేది.

నేను ఈ జంక్షన్లో పెరిగినవాణ్ణి. మా పల్లె నుంచి ప్యాసింజరులో వచ్చి ఇక్కడ మెయిలు ఎక్కేవాళ్లం. ప్రయాణం పెట్టుకుంటే మా నాన్న ముందే స్టేషనుకు వెళ్లి, "ప్యాసింజరు లేటయితే మెయిలు ఆగుతుందా?" అని అడిగి వచ్చేవారు. ఆయన ఎనిమిదో తరగతి దాకా చదివారు. ఇంజనీరింగు చదివిన నేను ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. మన లెక్కల మాస్టారు జవాబు సరైనదే అయినా 'సరిచూచుట' రాయకపోతే ఒక మార్కు కోసేవారు. నాకు కోసింది రెండు రోజులు.

నిరుడు మళ్లీ ఐదు రోజులకు పిలిచింది. ఈసారి కాగితం మీద సరిచూసుకున్నాను.

మొదటిది, లింకు తప్పితే బాధ్యత ఎవరిది? చివరి విమానం దాకా ఒకే టికెట్టయితే తర్వాతి విమానంలో పంపే బాధ్యత కంపెనీదే. ఐరోపా సంఘం 2004లో చేసిన 261వ నంబరు నియమం ఒకటుంది. అక్కడి నుంచి బయలుదేరే ఏ కంపెనీ విమానమైనా, బయటి నుంచి అక్కడికి వచ్చే ఐరోపా కంపెనీ విమానమైనా బాగా ఆలస్యమైతే భోజనం, రాత్రి ఆగాల్సి వస్తే హోటలు ఇవ్వాలి. గల్ఫ్ కంపెనీలో వెళ్లేటప్పుడు ఇది వర్తించదు, తిరిగి వచ్చేటప్పుడు వర్తిస్తుంది.

రెండోది, మధ్యలో ఎంత వ్యవధి? షెంగెన్ దేశాల్లో మొదట దిగిన చోటే పాస్‌పోర్టు తనిఖీ. గంటా పది నిమిషాల వ్యవధి తెర మీద ముచ్చటగానే ఉంటుంది, క్యూలో నిలబడితే తెలుస్తుంది. నేను మూడు గంటలు పెట్టుకున్నాను.

మూడోది, చివరి మజిలీ. కొండల మధ్య విమానాశ్రయం దాకా ఎగరడం కన్నా పెద్ద ఊళ్లో దిగి రైలెక్కడం మేలు. జ్యూరిక్ విమానాశ్రయం కిందే రైల్వేస్టేషను ఉంది. జ్యూరిక్ ప్రధాన స్టేషను నుంచి సుమారు రెండున్నర గంటల్లో ఆస్ట్రియాలోని సాంక్ట్ ఆంటన్. స్టేషను దిగితే ఊరే. అందుకే ఈసారి ఇన్స్‌బ్రుక్ మానేసి ఆ ఊరే ఎంచుకున్నాం. శనివారం మాత్రం వెళ్లకండి, హోటళ్లలో పాతవాళ్లు వెళ్లి కొత్తవాళ్లు దిగే రోజది.

నాలుగోది, సామాను. కొత్తగా నేర్చుకునేవాళ్లు స్కీలు మోయక్కర్లేదు, బూట్లతో సహా అక్కడ అద్దెకు దొరుకుతాయి. మందులు, ఒక జత వెచ్చని బట్టలు చేతి సంచిలో ఉండాలి. వీసా కోసం కొనే బీమాలో స్కీయింగ్ ఉందో లేదో చదవండి. చాలా పాలసీల్లో ఉండదు. కాలు విరిగి కొండ మీద నుంచి హెలికాప్టర్లో దించితే ఆ బిల్లు మనదే.

చివరికి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా జ్యూరిక్‌కు ఒకే టికెట్టు కొన్నాను. ధర ఎక్కువే. ఈసారి మా ఆవిడకు గొప్పలు చెప్పలేదు.

మాస్టార్లకు నచ్చే సంగతి ఒకటి. సాంక్ట్ ఆంటన్‌లో హానెస్ ష్నైడర్ అనే గురువు 1921లో స్కీ బడి పెట్టాడు. మెట్టు మెట్టుగా నేర్పే ఆయన పద్ధతి ఆర్ల్‌బెర్గ్ పద్ధతిగా దేశదేశాలకూ పాకింది. యాభై ఆరేళ్ల వయసులో నేను అక్కడ ఒకటో తరగతిలో చేరాను. చుట్టూ ఆరేళ్ల పిల్లలు. ఎన్నిసార్లు పడ్డానో లెక్కలేదు. పడ్డ ప్రతిసారీ మా అమ్మాయే చెయ్యిచ్చి లేపింది. ఐదు రోజులూ లేపింది.

టికెట్టు కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. అవతల మీ కోసం ఎవరు ఎన్ని రోజులు సెలవు పెట్టుకుని కూర్చున్నారో కూడా చూడండి. సెలవు.