యువ రచయిత – జీవనోపాధి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున "యువ రచయిత – జీవనోపాధి" అను విషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించిరి. నేను పండితుడను కాను. కొలువు కొఱకు మూడేండ్లు తిరిగి, ఆ తిరుగుడులోనే నాలుగు వాక్యములు వ్రాయ నేర్చుకొన్న ఈ ఊరి బిడ్డను. కావున సిద్ధాంతముల జోలికి పోక, నేను పడిన పాట్లను, వానివలన నేర్చిన దానిని మీ ముందుంచెదను.

1973వ సంవత్సరమున నేను బి.ఏ. పరీక్షలో ఉత్తీర్ణుడనైతిని. అప్పటికి ఈ ఊర గ్రంథాలయము లేదు. ప్రతి ఉదయము పశువుల పాకలో పని ముగించి, చద్దియన్నము తిని, సైకిలుపై ఐదు మైళ్ల దూరమున నున్న పట్టణమునకు పోయి, అచటి గ్రంథాలయము తలుపులు తెఱచువఱకు మెట్లమీద కూర్చుండెడివాడను. నావంటివారు మఱి పదిమంది యుండెడివారు. తలుపు తెఱచినంతనే అందఱి చేతులును వార్తాపత్రికలోని "కావలెను" ప్రకటనల పుటమీదనే పడెడివి. ఒకనాడు ఆ పుట విప్పి చూతును గదా, ప్రకటన యుండవలసిన చోట నలుపలకల రంధ్రము! మాకంటె ముందు వచ్చినవాడెవడో బ్లేడుతో కోసికొని పోయినాడు. నాకు పట్టరాని కోపము వచ్చెను. అయినను మఱునాడు నా జేబులో సయితము ఒక బ్లేడు ఉండెనని చెప్పుటకు నేడు సిగ్గుపడుచున్నాను. దానిని నేను వాడలేదు. అందులకు కారణము నా మంచితనము గాదు, గ్రంథపాలకుని చూపు.

ఆ దినములలో దరఖాస్తు పెట్టుట సయితము ఖర్చుతో కూడిన పనియే. టైపు చేయించుటకు కొంత, ధ్రువపత్రముల నకళ్లకు కొంత, పోస్టలార్డరునకు కొంత, తపాలా బిళ్లలకు కొంత. నకళ్లపై గెజిటెడ్ అధికారి సంతకము కొఱకు వాకిట పడిగాపులు వేఱు. ఇక ఎంప్లాయ్‌మెంటు ఎక్స్ఛేంజిలో పేరు వ్రాయించుకొన్నచో ఉద్యోగము ఇంటికి నడచి వచ్చునని మా ఊరివారి నమ్మకము. 1959లో చేసిన చట్టము ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలుపుమని యజమానులను నిర్బంధించినదే గాని, అచటినుండి పంపిన వారినే నియమింపుమని నిర్బంధింపలేదు. ఈ సంగతి తెలియక నేను ఒక వత్సరకాలము తపాలా బంట్రోతు రాకకై వీథివైపు చూచుచు గడపితిని.

ఈ ఖర్చులన్నిటికిని మా అమ్మ పాలు అమ్మిన పైకమే ఆధారము. ఆ పైకములోనుండియే నేను "భారతి"కిని, వారపత్రికలకును కథలు పంపెడివాడను. తిరుగు తపాలాకు బిళ్లలంటించిన కవరు కూడ జతపఱుపవలసి యుండెను. కథ తిరిగివచ్చినపుడు, ఆ కవరుపై నా చేవ్రాతయే నన్ను పలుకరించెడిది. ఒకనాడు అమ్మ బిళ్లలకు డబ్బులిచ్చుచు, "ఈ కవరు ఉద్యోగానిదా, కథదా?" అని యడిగెను. "ఉద్యోగానిదే" అని బొంకితిని. ఆమె మఱి మాటలాడలేదు. ఆ కథ అచ్చుకాలేదు. అచ్చయి యుండినచో ఆ బొంకు నాకు ఇంతగా జ్ఞాపకముండెడిది కాదేమో!

ఇట్లుండగా, వరుసకు మేనత్త యగు ఒకామె మా ఇంటికి వచ్చెను. ఆమె భర్త కాలువ లస్కరుగా పనిచేయుచు మరణించెను. రావలసిన కుటుంబ పింఛను రాలేదు. "బి.ఏ. చదివినవాడివి, కథలు రాస్తావట గదా, ఒక అర్జీ రాసిపెట్టు, అబ్బాయీ" అని కోరెను. నాకు పొంగు వచ్చెను. నాలుగు పుటల అర్జీ వ్రాసితిని. అందు కాలువగట్టున కరిమబ్బులు క్రమ్మెను, విధవరాలి కన్నీరు వరదలై పాఱెను, అధికారి దయాసముద్రుడయ్యెను. మూడు మాసములకు ఆ అర్జీ తిరిగివచ్చెను. మృతుని సర్వీసు వివరములు, మరణించిన తేది తెలుపబడలేదని దానిపై ఒక పంక్తి వ్రాయబడి యుండెను. నేను చదివి వినిపింపగా, "ఇన్ని రాశావు గదా, ఆయన పోయిన రోజు రాయలేదా?" అని అత్త యడిగెను. నాకు నోట మాట రాలేదు. ఆ మూడు మాసములును ఆమె కూలికి పోయి పొట్టపోసికొనెను.

ఆ రాత్రి పది పంక్తులలో వేఱొక అర్జీ వ్రాసితిని: పేరు, పని, చేరిన తేది, మరణించిన తేది, కోరునది. ఒక్క విశేషణము లేదు. పింఛను మంజూరైనది. నా రచనలలో మొదట ఫలించినది అదియే. ఒకరి అన్నము ఆధారపడియున్న వాక్యమును ఎట్లు వ్రాయవలెనో అంతకుముందు నాకెవ్వరును బోధింపలేదు. అటుపిమ్మట నా కథలు పొట్టివైనవి; కొన్ని అచ్చయినవి కూడ. 1976లో గుమాస్తా పని దొరకెను.

యువకులారా! కడుపు కొఱకు చేయు పని కళకు శత్రువని కొందఱందురు. మన సాహిత్య చరిత్ర ఆ మాటను సమర్థింపదు. గురజాడ అప్పారావుగారు విజయనగరము మహారాజావారి కళాశాలలో పాఠములు చెప్పిరి. జాషువ మహాకవి మూకీ చిత్రములకు మాటలు చదివిరి, బడిపంతులుగా పనిచేసిరి. కొడవటిగంటి కుటుంబరావుగారు పలు ఉద్యోగములు చేసి, తుదకు "చందమామ"లో స్థిరపడిరి. కాళీపట్నం రామారావుగారు విశాఖపట్టణమున ఉపాధ్యాయులుగా నుండియే కథలు వ్రాసిరి; 1997లో శ్రీకాకుళమున కథల కొఱకే "కథానిలయము"ను నెలకొల్పిరి. పని వలన వీరి కాలము తఱిగియుండవచ్చును గాని, వీరు చూచిన మనుష్యులు పెరిగిరి.

ఇక మన గ్రంథాలయమునకు నాదొక విన్నపము. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో పుస్తకములు పెట్టి చదువరుల ఊళ్లకే పంపిరి. చదువరికి ఏది అవసరమో దానిని అతని వాకిటికి చేర్చుటయే గ్రంథాలయ ధర్మము. నేడు ఉద్యోగ ప్రకటనలు ఫోనులలో వచ్చుచున్నవి. దరఖాస్తులును రుసుములును పెక్కు అందులోనే సాగుచున్నవి. బ్లేడుల అవసరము తీఱినది గాని, పత్రము నింపుటలో ఒక తప్పు దొర్లి అవకాశము కోల్పోవు బిడ్డలు నేటికిని కలరు. కావున వారమునకు రెండు సాయంకాలములు ఇచట ఒక బల్ల వేయుడు. ప్రకటనలను గోడకు అంటించుడు. పదవీ విరమణ చేసిన పెద్దలొకరు ఆ బల్లవద్ద కూర్చుండి దరఖాస్తులు సరిచూడవలెను. కథలు వ్రాయు పిల్లలు వారి ప్రక్కన కూర్చుండి, చదువురాని వారికి అర్జీలు వ్రాసిపెట్టవలెను. దానివలన ఊరికి మేలు. వారి కలములకు అంతకంటె మేలు. మొదటి సాయంకాలము ఆ బల్లవద్ద కూర్చుండుటకు నేను సిద్ధముగా నున్నాను.

మా అమ్మకు నేను చెప్పిన బొంకును ఆమె జీవించియుండగా ఒప్పుకొనలేకపోతిని. ఆమె పాల పైకమునకు ఈ ఊర ఇట్లయినను కొంత బాకీ తీర్చుకొను అవకాశము నాకు కలిగింపుడని కోరుచున్నాను.