మన బస్తీ కథ, మన పిల్లల కలం
(లాడ్ బజార్‌లో ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. లక్కను కరిగించి, గుండ్రంగా మలచి, వేడి తగ్గకముందే ఒక్కొక్క రాయినీ అద్దే చేతులకు దక్కిన గౌరవమది. అయితే ఆ చేతుల గురించి రాస్తున్నదెవరు? పాత్రికేయులు, పరిశోధకులు, పర్యాటకులు. ఆ ఇళ్లలో పెరిగే పిల్లలు మాత్రం పరీక్షల కోసం కంఠస్థం చేసిన వ్యాసాలే రాస్తున్నారు.

మన గురించి ఇతరులే మాట్లాడితే ఏమవుతుందో మనకు అనుభవమే. ముస్లిం పిల్లలంతా మదరసాలకే వెళతారన్న అపోహ ఎంతో కాలం చెలామణీ అయింది. బడి ఈడు పిల్లల్లో మదరసాల్లో చదివేవారు సుమారు 3 శాతమేనని 2006లో సచార్ కమిటీ తేల్చి చెప్పవలసి వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది బడికి వెళ్లనే లేదనో, మధ్యలో మానేశారనో చెప్పిన నివేదిక కూడా అదే. ఆ అంకెల వెనుక ఉన్న జీవితాన్ని చెప్పగలిగేది మన పిల్లలే.

అందుకే తరగతికొక బ్లాగు ప్రారంభించమని మేము కోరుతున్నాం. దీనికి ఖర్చు లేదు, ఉపాధ్యాయుని ఫోను చాలు. విద్యార్థి ముందు నోటుపుస్తకంలో రాయాలి. తోటి విద్యార్థి చదివి సందేహాలు అడగాలి. ఉపాధ్యాయుడు దిద్దిన తరువాతే అది బ్లాగులోకి ఎక్కాలి. తెలుగైనా ఉర్దూ అయినా యూనికోడ్‌లో రాస్తే ఏ ఫోనులోనైనా చదువుకోవచ్చు. మార్కుల కోసం రాసిన వ్యాసాన్ని ఒక్కరే చదువుతారు. ఇక్కడ అమ్మ చదువుతుంది, గల్ఫ్‌లో ఉన్న నాన్న చదువుతాడు. చదివేవారున్నారని తెలిస్తే పిల్లలు మాటను జాగ్రత్తగా ఎంచుకుంటారు.

ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. కనుక ఫొటోలు, పూర్తి పేర్లు, చిరునామాలు పెట్టవద్దు. బయటివారి వ్యాఖ్యలను ఉపాధ్యాయుడు చూసి అనుమతించాలి. 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్ల లోపువారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటోంది. ముందుగా ఆ సమ్మతి తీసుకుందాం.

"మాకు సాంకేతికత తెలియదు" అంటారా? ఈ నగరంలోనే 1918లో ఉర్దూ బోధనా భాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. పుస్తకాలు లేవని ఎవరూ ఆగిపోలేదు. 1917లోనే అనువాద సంస్థను నెలకొల్పి, శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చుకున్నారు. దానితో పోలిస్తే మనం నేర్చుకోవలసింది ఒక్క సాయంత్రం పని.

మొదటి వ్యాసానికి ఈ విషయం ఇవ్వండి: "మా అమ్మ చేసే పని." దానిని పిల్లల మాటల్లోనే రాయనివ్వండి. అక్షరదోషాలు దిద్దండి, అనుభవాన్ని మాత్రం దిద్దకండి.

ఖుదా హాఫిజ్.